కందిగుండకు ఒక ఋతువున్నది – బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక రుణానుభవం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సంస్థ 1887లో ఏర్పడి, నాగ్‌పూర్ నుండి ఆసన్‌సోల్ వరకు సాగే ప్రధాన మార్గాన్ని 1891లో పూర్తిచేసినది. ఆ మార్గంలోని బిలాస్‌పూర్ నాటికి చిన్న ఊరు. రైలు వచ్చిన పిమ్మటనే పెద్ద కూడలి అయినది. అదే సంస్థ పట్టాలు వాల్తేరు వైపునా ఉండుటచేతను, 1931 నాటికి పార్వతీపురం – రాయపూర్ మార్గం కలియుటచేతను శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి అనేక కుటుంబాలు రైల్వే కొలువుల కోసం ఇటు తరలివచ్చినవి. 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినది. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైనది. ఇంటి బయట హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ, ఇంటి లోపల ఉత్తరాంధ్ర యాసను పదిలంగా కాపాడుకొంటున్న మూడవ, నాల్గవ తరం తెలుగువారు రైల్వే కాలనీలోను, దాని చుట్టుపక్కల పేటలలోను నేటికీ కనబడతారు.

ఈ వ్యాసానికి విషయం వారి వంటింటిలోనిది. మనం సాధారణంగా పొడి అనేదానిని వారు గుండ అంటారు. కందిగుండ, నువ్వుగుండ, కరివేపాకుగుండ అని పేర్లు. వేయించడం అనరు, వేపడం అంటారు. రైలు ఉద్యోగానికీ గుండకూ సంబంధం ఏమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చును. గార్డులు, డ్రైవర్లు రాయగఢ్ వైపో, శహ్‌డోల్ వైపో బండి తీసుకుపోయి, అక్కడి రన్నింగ్ రూమ్‌లో విశ్రమించి మరునాడు తిరిగివస్తారు. అక్కడ అన్నం దొరుకుతుంది, కూర మన రుచికి దొరకదు. లైన్ పెట్టెలో జెండాలు, దీపంతోపాటు ఒక డబ్బా కందిగుండ, చిన్న సీసాలో నెయ్యి ఉంటే భోజనానికి చింత లేదు. 2022లో రైల్వే శాఖ గార్డు అనే పేరును ట్రెయిన్ మేనేజరుగా మార్చినది గాని పెట్టెలోని డబ్బా మారలేదు.

నేను 2021 చివరలో క్షేత్రాధికారిగా బిలాస్‌పూర్ శాఖకు బదిలీపై వచ్చాను. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో పదిమంది తెలుగు గృహిణుల స్వయం సహాయక బృందం రుణానికి దరఖాస్తు చేసుకొన్నది. రెండేళ్ళ పొదుపు, సక్రమమైన మినిట్స్ పుస్తకం, అంతర్గత అప్పుల వసూలు అన్నీ బాగున్నవి. ఇళ్ళలో చేసుకొనే గుండలను ఎక్కువ పరిమాణంలో తయారుచేసి కాలనీలోను, బుధవారీ బజారులోని దుకాణాలకును అమ్ముదుమని వారి ఆలోచన. వారు మొదట అడిగినది యంత్రం కాదు. "సార్, ఇప్పుడు మిరపకాయ వస్తున్నాది. ఇప్పుడు కొనిపెట్టుకోవాల" అని బృంద కార్యదర్శిని రెండుమార్లు చెప్పినది. ఆ మాటను నేను దరఖాస్తులో రాసుకొన్నాను గాని లెక్కలోకి తీసుకోలేదు.

నా మదింపు ఇట్లున్నది. మొత్తం 1,20,000 రూపాయలు. అందులో పిండి యంత్రం, వేపుడు డ్రమ్ము, ప్యాకెట్లు అతికించే యంత్రం కలిపి 90,000. నిర్వహణ మూలధనం 30,000. ముప్పదియారు నెలల సమాన వాయిదాలు. కాగితాలు పూర్తయి మంజూరు అయ్యేసరికి ఏప్రిల్ దాటినది, యంత్రం జూన్‌లో వచ్చినది. మొదటి వాయిదా జూలైలో. మరొక పని కూడా చేశాను. సభ్యుల జాబితాలో కార్యదర్శిని అత్తగారి పేరు ఉన్నది. ఆమె వయస్సు డెబ్బదికి దగ్గర. వయఃపరిమితి దాటినదని ఆ పేరును నేనే కొట్టివేసి వేరొకరిని చేర్పించాను. నిబంధన ప్రకారం అది సరియైన పనియే.

జూలైలో వాయిదా కట్టవలెను గనుక బృందంవారు జూన్ చివర చిల్లర ధరకు మిరప కొని, వర్షం పడుతుండగానే 80 కిలోల గుండ తయారుచేసి ప్యాకెట్లలో నింపారు. మూడు వారాలు తిరగకుండా దుకాణాల నుండి 50 కిలోలు వెనక్కు వచ్చినది. కొన్ని ప్యాకెట్లలో గుండ రాయివలె గడ్డకట్టినది, కొన్నింటిలో మూలలందు తెల్లని బూజు. కార్యదర్శిని ఆ సంచులను తెచ్చి నా బల్లముందు పెట్టినది. తిట్టలేదు. "వాయిదా మాత్రం కడతాం సార్" అన్నది. ఆ నెల వాయిదా సభ్యుల సొంత పొదుపులోనుండి వచ్చినదని పాసుపుస్తకం చూసినప్పుడు తెలిసినది.

ఆ ఆదివారం నేను వారి ఇంటికి వెళ్ళాను. జాబితాలోనుండి నేను తొలగించిన పెద్దావిడే తలుపు తీసినది. "అమ్మా, పొరపాటు ఎక్కడ జరిగిందంటారు?" అని అడిగాను. ఆమె ఒక ప్యాకెట్టును విప్పి, వాసన చూసి, వేళ్ళతో నలిపి ఇట్లన్నది: "వేడి గుండకి మూతెట్టీసినారు బాబూ. సెమట పట్టదా మరి? ఉప్పు సూడు, ఎలా అంటుకుంటందో. ఉప్పు వేపనేదు."

బి.యస్సీ. చదివిన నాకు ఆ రెండు వాక్యాలు చాలినవి. అయినను ఆమె చేతిపని చూడవలెనని కోరగా ఆమె పొయ్యి వెలిగించినది. ఆమె కొలత చేతితో. నేను తూకం వేసి రాసుకొన్నాను. కిలో కందిపప్పు, పావుకిలో శనగపప్పు, 150 గ్రాముల ఎండుమిరప, 50 గ్రాముల జీలకర్ర, 80 గ్రాముల ఉప్పు. అన్నింటినీ కలిపి ఒకేసారి వేపడం లేదు. కందిపప్పు మందపాటి ఇనుప మూకుడులో సన్నని సెగపై, చేయి ఆపకుండా కలుపుతూ, గింజ లోపలి వరకు ఎర్రబడేదాకా. నోటిలో వేసుకొంటే కరకరలాడవలెను, పచ్చివాసన ఉండరాదు. శనగపప్పుకు వేరే వాయి. మిరప చెంచాడు నూనెతో, ఘాటు లేచేలోపల దింపివేయవలెను. జీలకర్ర పొయ్యి ఆర్పిన పిమ్మట మూకుడు వేడికే చాలును. పప్పు వేగడానికి పట్టే కాలంలో జీలకర్ర మాడి చేదెక్కుతుంది. జీలకర్ర వేగే కాలంలో పప్పు ఇంకా పచ్చిగానే ఉంటుంది. డ్రమ్ములో అన్నీ కలిపి వేపిన మా బృందం సరకుకు ఈ రెండు దోషాలూ ఉన్నవి.

వేపినప్పుడు జరిగే మార్పు రెండు విధాలు. మొదటిది తేమ పోవడం. నిల్వపప్పులో నూటికి పదిపాళ్ళకు అటూ ఇటూగా నీరు ఉంటుంది. రెండవది, ఉష్ణోగ్రత 140 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి చేరగా పప్పులోని మాంసకృత్తుల అంశాలు, చక్కెరలు కలిసి కొత్త వాసనలను, ఎర్రని వర్ణాన్ని పుట్టించడం. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త మయ్యార్ 1912లో ఈ చర్యను వివరించాడు. కాఫీ గింజ, రొట్టె పైపెచ్చు, మన కందిగుండ మూడింటి కమ్మదనమూ అదే. నీరు ఆవిరి అవుతున్నంతసేపు గింజ వేడి 100 డిగ్రీల చుట్టే ఆగిపోతుంది. కనుక తేమ పోకుండా కమ్మదనం రాదు. సెగ పెంచి తొందరపడితే పైభాగం మాడి లోపల నీరు మిగిలిపోతుంది. ఆ మిగిలిన నీరే తరువాత బూజుకు ఆహారం.

ఇక ఉప్పు సంగతి. శుద్ధమైన సోడియం క్లోరైడు గాలిలోని సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటినప్పుడు నీటిని పీల్చి కరగడం ఆరంభిస్తుంది. వర్షాకాలంలో బిలాస్‌పూర్ గాలి ఆ హద్దును దాటడం నిత్యమూ జరిగేదే. కల్లుప్పులో కొద్దిగా మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. అది మరింత తక్కువ తేమవద్దనే చెమర్చుతుంది. ఉప్పును మూకుడులో వేపినప్పుడు చిటపటమని ఎగిరేది స్ఫటికాల నడుమ చిక్కుకొన్న నీరు ఆవిరై పగలడమే. చిటపట ఆగినదంటే ఉప్పు పొడిగా అయినదన్నమాట. అయితే వేపినంతమాత్రాన మెగ్నీషియం లవణం ఎక్కడికీ పోదు. మూతలేకుండా ఉంచితే మరల తేమ పీలుస్తుంది. అందుచేత ఆమె ఉప్పును అన్నింటికన్న చివర వేపి, చల్లారిన వెంటనే దంచి, మిగిలిన గుండలో కలిపి డబ్బాకు ఎత్తినది. అమ్మకానికి చేసేవారు ఒక జాగ్రత్త గమనించవలెను. ఆహారానికి అయోడిన్ కలిపిన ఉప్పు మాత్రమే అమ్మవలెనని 2006 నుండి దేశమంతటా నిబంధన ఉన్నది. అయోడిన్ అధిక వేడికి కొంత నశిస్తుంది గనుక, తేమ పోయేవరకే వేపి దింపుకోవలెను. ఎర్రబడేదాకా మాడ్చవలసిన పని లేదు.

"సెమట పట్టడం" అని ఆమె అన్నది మరింత ముఖ్యమైనది. పిండి యంత్రంలో రాపిడికి గుండ వేడెక్కుతుంది. ఆ వేడిమీదనే ప్లాస్టిక్ సంచిలో నింపి అతికించితే, లోపలి ఆవిరి సంచి గోడలకు తాకి నీటిబొట్లవుతుంది. గుండ మొత్తంలో తేమ తక్కువే ఉండవచ్చును. కాని ఆ బొట్టు పడినచోట మాత్రం ఉప్పు కరుగుతుంది, గడ్డకడుతుంది, బూజు మొలుస్తుంది. బూజు సంచి మూలలందే కనబడడానికి కారణం అదే. వర్షపు రోజున గుండను ఆరుబయట చల్లార్చుదామంటే గాలిలోని తేమ పడుతుంది. ఈ చిక్కుకు ఆ ఇంటివారి ఉపాయం సులభమైనది. తలుపులు మూసిన గదిలో గంటసేపు పొయ్యి వెలిగిస్తారు. గాలి వేడెక్కగా దాని సాపేక్ష ఆర్ద్రత తగ్గుతుంది. ఆ గదిలో వెడల్పాటి స్టీలు పళ్ళెములలో పలుచగా పరచి, పైన పొడిబట్ట కప్పి, చేయి పెట్టినప్పుడు చల్లగా తగిలిన తరువాతనే నింపుతారు. నా మదింపులో చల్లార్చే పళ్ళెములకు ఒక్క రూపాయి కూడా కేటాయించలేదు.

తూకం సంగతి కూడా ఆనాడే బయటపడినది. ఆమె మూకుడులోకి వెళ్ళిన సరుకు 1,530 గ్రాములు. తొడిమలు, తేమ, జల్లెడ తరుగు పోగా చేతికి వచ్చినది 1,400 గ్రాములకు మించలేదు. కరివేపాకులో మూడింట రెండువంతులు నీరే. ఈనెలు తీసి ఎండబెట్టిన పిదప కిలోకు మూడవవంతు మిగిలితే అదృష్టం. నేను మాత్రం పది కిలోలు కొంటే పది కిలోలు అమ్ముదురని లాభం కట్టాను. పొడుల పరిశ్రమకు ప్రాజెక్టు నివేదిక రాసే మిత్రులు దయచేసి ఒక వాయి తామే ఎదుట నిలబడి తూచి చూసుకోవలెను.

ముడిసరుకు ఎంపికలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉన్నది. ఛత్తీస్‌గఢ్ రైతులు కోతకు ముందే వరిచేలలో తివ్రా, అవిసె విత్తనాలు చల్లుతారు. ఈ పద్ధతిని ఉతేరా అంటారు. వరి కోసిన తరువాత నేలలో మిగిలిన తేమతోనే ఆ పైరు పండుతుంది. తివ్రా అంటే మన కేసరిపప్పు. లేత ఆకును ఇక్కడ ఇష్టంగా కూర వండుకొంటారు. గింజలో మాత్రం నరాలను దెబ్బతీసే విషాంశం ఉంటుంది. నెలల తరబడి అదే ప్రధాన ఆహారమైతే కాళ్ళు చచ్చుబడతాయి. 1961లో అనేక రాష్ట్రాలలో దాని అమ్మకాన్ని నిషేధించారు. తరువాతి కాలంలో రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం విషాంశం తక్కువగల మహాతివ్రా వంటి రకాలను విడుదలచేసినది. బద్దగా చేసిన కేసరిపప్పు కందిపప్పును పోలి ఉండి కల్తీకి అనువుగా ఉంటుంది. గింజగా ఉన్నప్పుడు గొడ్డలి మొనవలె కోణాలు తేలి తేలికగా గుర్తుపట్టవచ్చును. అందుకే మా బృందం ఇప్పుడు కందులనే కొని, చేటలో చెరిగి, బద్ద చేయించుకొంటున్నది. కొంత శ్రమ, కొంత తరుగు. కాని కొన్నది ఏమిటో తెలుస్తుంది.

మిరపలో చూడవలసినది బూజు. ఎండుమిరపపొడిలో తేమ 11 శాతానికి మించరాదని ఆహార ప్రమాణాలు చెబుతున్నవి. సరిగా ఎండని కాయలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. వేపితే బూజు చచ్చును గాని విషం పూర్తిగా పోదు. కాయను చెవివద్ద ఊపితే గింజలు గలగలమనవలెను, విరిస్తే ఫెళ్ళున విరగవలెను. వంచితే వంగే కాయను ఎంత చౌకగా వచ్చినా కొనరాదు.

అవిసె ఇక్కడ చౌకగా, నాణ్యంగా దొరుకును. తెలంగాణ, రాయలసీమలలో అవిసెల పొడి తెలిసినదే. కాలనీలోని ఉత్తరాంధ్ర కుటుంబాలకు అది కొంత కొత్త. ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీ ఇల్లాండ్రు బాసీ అన్నంలోకి, అనగా మన చద్దన్నంలోకి, దీనిని అడిగి కొంటున్నారని బృందంవారు చెప్పారు. కాని అవిసె నూనెలో సగానికి మించి ఉండే లినోలెనిక్ ఆమ్లం గాలి తగిలితే త్వరగా పాడై ముక్కవాసన వేస్తుంది. నువ్వులకు ఈ బాధ తక్కువ. వేపినప్పుడు వాటిలో పుట్టే సెసమాల్ అనే పదార్థం నూనెను కాపాడుతుంది. ఈ భేదం తెలియక రెండింటికీ ఒకే గడువు తేదీ ముద్రించుట పొరపాటు. అవిసెను గింజగా నిల్వచేసి వారానికి సరిపడా మాత్రమే దంచవలెను. వెల్లుల్లి కారం కూడా అంతే. వెల్లుల్లిలో నీరు ఎక్కువ గనుక అది దుకాణపు అలమరలో ఉంచే సరుకు కాదు, చెప్పిన ఇంటికి చేసి ఇచ్చే సరుకు.

ఇప్పుడు రుణం విషయానికి వద్దును. గుంటూరు మార్కెట్టుకు కొత్త మిరప రాక శీతాకాలం చివర మొదలై ఎండాకాలంలో సాగుతుంది. ఎండ ఉన్నది, గాలి పొడిగా ఉన్నది, కాయ కొత్తది. కొనుగోలుకు, ఎండబెట్టుటకు, డబ్బాలకెత్తుటకు ఫిబ్రవరి నుండి మే వరకే అనువు. గిరాకీ మాత్రం వర్షాలతో వస్తుంది. ఆకుకూరలు కుళ్ళి, కూరగాయల ధర పెరిగినప్పుడే పట్టణంలో గుండ ఎక్కువగా అమ్ముడుపోతుంది. ఆ ఊపు సంక్రాంతి వరకు ఉంటుంది. అంటే వేసవిలో పెట్టిన రూపాయి మూడు నాలుగు నెలలు డబ్బాలో మిరపకాయల రూపంలో పడి ఉండవలెను. నెలవారీ వాయిదా ఆ డబ్బాను బలవంతంగా తెరిపిస్తుంది. మా బృందం జూలైలో చేసిన తొందర నా వాయిదా పట్టిక చేయించినదే.

వంటవారిలో లోపం లేదని నేను అనను. వేడి సరకును అతికించినది వారే, డ్రమ్ములో అన్నీ కలిపినది వారే. అయితే ఫిబ్రవరిలో వారు అడిగినది ఇచ్చి ఉంటే ఇంట్లో తెలిసిన పద్ధతిలోనే, తీరికగా చేసి ఉండేవారు. 2022 డిసెంబరులో పై కార్యాలయం అనుమతితో రుణాన్ని మార్చి రాశాను. యంత్రాలపై మిగిలిన మొత్తాన్ని అమ్మకాలు సాగే నెలలలో కట్టే వాయిదాలుగా విభజించాము. ముడిసరుకుకు 80,000 రూపాయల నగదు పరపతి పరిమితి ఇచ్చాము. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు తీసుకొని, జనవరి చివరకు ఖాతా జమ చేయవలెను. నిల్వ తనిఖీకి నేను వెళ్ళినప్పుడు చూసేది గుండ కాదు, గింజ: మూత బిగించిన డబ్బాలు, వాటిపై కొన్న తేదీ. గింజగా ఉన్నంతవరకు హామీ విలువ నిలుస్తుంది. దంచిన మరునాటి నుండి వాసన తరగడం మొదలవుతుంది.

యంత్రాలపట్ల మనకు గల మోజును గూర్చి ఒక మాట. 2020లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో యూనిట్టు వ్యయంపై 35 శాతం రాయితీ పెట్టారు. అదే పథకంలో స్వయం సహాయక బృంద సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనం, చిన్న పనిముట్ల కొరకు సహాయమూ పెట్టారు. మన అధికారులలో పదిమందిని అడిగితే మొదటిదే చెబుతారు. యంత్రానికి బిల్లు ఉంటుంది, ఫోటో తీయవచ్చును, సంఖ్య చెక్కి ఉంటుంది. మిరపకాయల సంచికి అవేవీ లేవు. మా బృందపు వేపుడు డ్రమ్ము ఈనాటికీ గది మూల బట్ట కప్పుకొని ఉన్నది; దాని వాయిదా మాత్రం కడుతున్నారు. పప్పు, మిరప, ఉప్పు మూడూ మూకుడులోనే వేపుతున్నారు.

అమ్మకానికి ముందు ఆహార భద్రతా శాఖవద్ద నమోదు, ప్యాకెట్టుపై తయారీ తేదీ, నికర తూకం, పదార్థాల వివరం తప్పనిసరి. ఇవి కష్టమైన పనులు కావు. కష్టమైనది రెండవసారి దుకాణదారుని నమ్మించడం. సరకు వెనక్కు ఇచ్చిన నలుగురు వర్తకులలో ఇద్దరు నేటికీ తిరిగి కొనలేదు. ఆ లోటును పూడ్చినది రన్నింగ్ సిబ్బంది కుటుంబాలు. నెలకొకసారి పావుకిలో, అరకిలో చొప్పున ఇంటికే వచ్చి పట్టుకుపోతారు.

పెద్దావిడ పేరు సభ్యుల జాబితాలో నేటికీ లేదు. నిబంధన అట్లే ఉన్నది. అయితే ప్రతి వాయినుండి ఒక చిటికెడు ఆమె నాలుకపై పడనిదే సంచి అతకరాదని బృందం తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాసుకొన్నది. ఆమెకు రోజుకూలి కూడా అందులోనే నిర్ణయించారు. గత వర్షాకాలమంతటా వెనక్కు వచ్చినవి రెండు ప్యాకెట్లు. రెండింటికీ గుండ బాగుగానే ఉన్నది, అతుకు ఊడినది. అతికించే యంత్రంలోని తీగ మార్చవలెనట. వచ్చే మంగళవారం మనిషి వస్తానన్నాడు.